ఆర్సీలో పేరు

మా మీద ఊరు పెట్టిన పేర్లు చాలానే ఉన్నాయి. వాటిల్లో ఒకటి పంక్చర్ సాయబు. ఆ పేరు పెట్టినవాళ్లే పాత కారు కొనాలనుకున్న రోజు మా షెడ్డు ముందర నిలబడతారు. ‘సాయబూ, జర నువ్వొచ్చి చూడాలె. నువ్వు మంచిగుందంటెనే పైసలిస్త’ అంటారు. లక్షల రూపాయల బేరం మా ఒక్క మాట మీద నిలబడుతుంది. మా చెవిని నమ్ముతారు. మా ముక్కుని నమ్ముతారు. ఆయిల్ మరకలతో నల్లబడ్డ మా వేళ్లని నమ్ముతారు. మరి మా పేరు దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకం ఎక్కడికి పోతుంది? పాత బండ్ల నడుమ పెరిగినవాళ్లం కాబట్టి ఈ ప్రశ్నని మేం పాత బండ్ల దగ్గర్నుంచే అడుగుతాం.

మాది బోధన్. అందులోనూ షక్కర్‌నగర్. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో అయిపోయింది. కాలువల్లో నీళ్లొచ్చాయి. నీళ్ల వెంట చెరకొచ్చింది. చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మా పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. మా దాదా అందులో ఫిట్టరు. మిషన్లే కాదు, చెరకు లారీలు, ట్రాక్టర్లు, ఆఫీసర్ల జీపులు, అంబాసిడర్లు అన్నీ ఆయన చేతికిందికి వచ్చేవి. నవాబుల వారసులని మమ్మల్ని దెప్పిపొడిచేవాళ్లు ఒకసారి మా దాదా చేతులు చూసుంటే బాగుండేది. నిజాం ఫ్యాక్టరీలో మాకొచ్చిన జాగీరు ఒక పానాల డబ్బా.

అబ్బా కూడా అదే ఫ్యాక్టరీలో చేరాడు. చాచా మాత్రం నిజామాబాద్ వెళ్లి ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నాడు. మా కుటుంబాల్లో చదువు ఉర్దూ మీడియం ఏడో క్లాసు దగ్గరో ఎనిమిదో క్లాసు దగ్గరో ఆగిపోయేది. భూములు లేవు. కొలువులు రాలేదు. పానా పట్టుకోవడానికి మాత్రం ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. పదేళ్లకే ఉస్తాద్ దగ్గర చేరితే పదిహేనేళ్లకి ఇంజన్ దించడం వచ్చేది. మావాళ్లు డెంటర్లు, పెయింటర్లు, వెల్డర్లు, సీటు కవర్లు కుట్టేవాళ్లు ఎందుకయ్యారంటే ఇదే కారణం. పుట్టుకతో మాకు గ్రీజు వాసన ఇష్టమని కాదు.

పాత బండి మా బండి కావడానికి కూడా కారణాలున్నాయి. కొత్త కారు కొనాలంటే అప్పు కావాలి. అప్పంటే వడ్డీ. వడ్డీ హరాం అని నమ్మి ఆ దిక్కు పోనివాళ్లు మాలో చాలామంది. పోదామనుకున్నవాళ్లకి అప్పు పుట్టదు. ఇక మిగిలింది చేతిలో ఉన్న నగదు. దుబాయ్ నుంచి, సౌదీ నుంచి తెచ్చుకున్న నాలుగు పైసలో, అమ్మీ మెడలోంచి దిగిన గొలుసో. ఆ నగదుకు దొరికేది పాతదే. అది పాడైతే బాగుచేసుకునే విద్య ఇంట్లోనే ఉంది. అందుకే మా గల్లీల్లో ప్రీమియర్ పద్మినిలు, అంబాసిడర్లు, మారుతి 800లు వాటి ఆయుష్షు తీరాక కూడా పదేళ్లు బతికాయి.

2002లో సర్కారు ఫ్యాక్టరీలో 51 శాతం వాటాని ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. అబ్బా వీఆర్‌ఎస్ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. ఆయనకప్పుడు యాభై దాటలేదు. ఇంట్లో మేం నలుగురం పిల్లలం. ఆ పైసలతో ఏం చేయాలన్నది ఆరు నెలలు నడిచిన మాట. చివరికి బండి కొనాలనుకున్నాం. బోధన్ నుంచి, వర్ని నుంచి, రెంజల్ నుంచి గల్ఫ్ పోయేవాళ్లని హైదరాబాద్ విమానాశ్రయానికి తీసుకుపోయే కిరాయిలు అప్పట్లో బాగుండేవి. ఒకడు దుబాయ్ పోతుంటే సాగనంపడానికి ఎనిమిది మంది ఎక్కేవాళ్లు. అంటే సుమో కావాలి. అదీ పాతది, తక్కువలో, మళ్లీ రోడ్డు మీద నిలబెట్టనిది.

చాచాతో కలిసి మేం రెండు నెలల్లో పదిహేను బండ్లు చూశాం. మాకు అదే పెద్ద చదువు. ఆయన పద్ధతి ఇక్కడ రాసిపెట్టడం అవసరం. ఎందుకంటే ఏ పుస్తకంలోనూ దాన్ని మావాళ్ల పేరుతో ఎవరూ రాయరు.

‘ఫజర్ నమాజు కాంగనె పోవాలె. బండి ఇంక నిద్రల ఉండాలె’ అనేవాడు. వెళ్లగానే సలాం కంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలితే, అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఏదో దాచాడని లెక్క. రేపొస్తామని చెప్పి తిరిగొచ్చేవాడు. చల్లటి ఇంజన్ మొదటి సెల్ఫుకి ఎలా లేస్తుంది, లేచాక పొగ ఏ రంగుది అన్నదే సగం పరీక్ష. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో పోయాయి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. నల్ల పొగ అయితే ఇంధనం సరిగా కాలట్లేదు. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూసేవాడు. మీగడ లాంటిది అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు. ఇంజన్ నడుస్తుండగా ఆ మూత తీస్తే గుప్పుగుప్పున గాలి తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్. ‘దీనికి ఇంజన్ పని ఉన్నది, బేరం అయిపోయింది’ అని మూత పెట్టేసేవాడు.

తర్వాత ఒళ్లు. బట్టలో చుట్టిన అయస్కాంతం జేబులో ఉండేది. డోర్లకీ మడ్‌గార్డులకీ ఆనించేవాడు. అంటుకోని చోట రేకు మీద లప్పం మందంగా ఉన్నట్టే. వేలి కణుపుతో కొడితే రేకు ఒక చప్పుడు, లప్పం ఒక చప్పుడు. తర్వాత సంచి పరుచుకుని బండి కిందికి దూరేవాడు. ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ కనబడితే బయటికొచ్చి చేతులు దులుపుకునేవాడు. ‘ఇంజన్ మార్చొచ్చు బేటా, నడుము ఇరిగినోన్ని ఏం జేస్తం’ అనేవాడు. కాళ్ల కింద మ్యాటు ఎత్తి తుప్పు చూడమనేవాడు. సీటు బెల్టు చివరిదాకా లాగమనేవాడు. వరదలో మునిగిన బండైతే ఆ బెల్టు చివర బురద చార కనబడుతుంది. మీటరు తిప్పడం పదినిమిషాల పని. బ్రేకు పెడలు రబ్బరు అరుగుదలని, స్టీరింగ్ నునుపుని ఎవరూ వెనక్కి తిప్పలేరు. టైరు మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నలభై వేలే తిరిగిందన్న బండికి అవి బండితో వచ్చిన టైర్లు కావని ఆ అంకెలే చెబుతాయి.

ఆయన చెప్పిన వాటిల్లో అన్నిటికన్నా విలువైనది ధర లెక్క. అమ్మేవాడు చెప్పిన రేటుకి, నెల రోజుల్లో పెట్టాల్సిన ఖర్చు కలుపుకోవాలి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి. అప్పుడొచ్చేది బండి అసలు ధర. ఇంకోటి, ఊళ్లో నలుగురు నడిపే బండే కొనాలి. మారుతి 800 కి 1983 నుంచి 2014 దాకా ముప్పై ఏళ్లు ఇంత విలువ ఉండటానికి కారణం దాని అందం కాదు. సామాను ఏ చిన్న ఊళ్లోనైనా దొరికేది, ఏ చెట్టు కింది మెకానిక్కైనా విప్పగలిగేవాడు. తిరిగేది తక్కువైతే పెట్రోలు బండి, రోజూ దూరం పోయేవాళ్లయితేనే డీజిలు. అరుదైన మోడల్ సగం ధరకి వచ్చిందంటే మిగతా సగం వర్క్‌షాపులో కట్టాల్సి వస్తుంది.

పదహారో బండి మాకు దొరికింది. 1998 మోడల్ సుమో. లక్షా ఎనభై వేలు. లక్ష అబ్బా దగ్గరుంది. ఎనభై వేలకి ఫైనాన్సు కావాలి. కుటుంబం కూలబడే స్థితి కాబట్టి, వడ్డీ గురించి మా నానీ రెండు రోజులు అన్నం మానేసినా, ఫైనాన్సు ఆఫీసుకి పోయాం. కాగితాలన్నీ చూశారు. బండి కండిషన్ బాగుందన్నారు. అడ్రస్ చదివారు. మళ్లీ పైనుంచి కిందికి చదివారు. ‘ఆ ఏరియాకి మేం చేయట్లేదు’ అన్నారు. ఏ ఏరియా? మా గల్లీ పేరు, మా పేరు తప్ప అందులో ఇంకేముంది? అప్పు ఎగ్గొట్టామా? అంతకుముందు ఒక్క రూపాయి ఎవరిచ్చారని ఎగ్గొట్టడానికి?

అది మా ఒక్క ఇంటి గోస అనుకున్నాం. 2006లో జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ రిపోర్టు వచ్చింది. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్ని కొన్ని బ్యాంకులు నెగెటివ్ జోన్లుగా, రెడ్ జోన్లుగా గుర్తుపెట్టుకుని అప్పులివ్వట్లేదన్న సంగతి అందులో ఉంది. దేశంలో ఎన్ని ఊళ్లల్లో ఎంతమంది అబ్బాలు అట్లా ఆఫీసు మెట్లు దిగి ఉంటారో అప్పుడు అర్థమైంది.

బండి మాత్రం వచ్చింది. ఎట్లా అంటే ఫ్యాక్టరీలో అబ్బాతో కలిసి పనిచేసిన ఒక రెడ్డన్న ఉన్నాడు. ‘నా పేరు మీద తీస్త. కాగితం నాది, బండి నీది’ అన్నాడు. అదే ఆఫీసు, అదే బండి, అవే పైసలు. రెండు రోజుల్లో ఫైనాన్సు అయింది. ఆ అన్నకి మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఆ మంచితనం లేకపోతే మేం ఏమయ్యేవాళ్లమో తెలియదు. కానీ ఒక మనిషి మంచివాడైతే తప్ప ఇంకో మనిషి తన కష్టార్జితాన్ని తన పేరు మీద నడుపుకోలేకపోవడం ఎట్లాంటి న్యాయం?

మూడేళ్లు ఆ బండి ఆర్సీలో రెడ్డన్న పేరుతో, స్టీరింగ్ ముందర అబ్బా గడ్డంతో తిరిగింది. ఎక్కడ ఆపినా కథ ఒక్కటే. లైసెన్స్ చూస్తారు, ఆర్సీ చూస్తారు, రెండు పేర్లనీ పక్కపక్కన పెడతారు. ‘బండి ఎక్కడిది?’ అంటారు. డ్రైవర్లు ఓనర్ల బండ్లు నడపడం లోకంలో లేనిదేం కాదు. మిగతావాళ్లని ‘ఓనర్ ఎవరు?’ అని అడిగేవాళ్లు. మమ్మల్ని ‘ఎక్కడిది?’ అని అడిగేవాళ్లు. ఈ రెండు ప్రశ్నల నడుమ ఎంత దూరముందో మాకు తెలుసు. ఒక రాత్రి హైవే మీద తనిఖీలో గంటన్నర కూర్చోబెట్టారు. వెనక సీట్లో మస్కట్ పోయే పిల్లవాడు, వాళ్లమ్మ, వాళ్ల నాయన. వాళ్లది రెంజల్ దిక్కు గౌండ్ల ఇల్లు. ఫ్లయిటు పోతుందని ఆ తల్లి ఏడుపు. చివరికి ఆ తండ్రే దిగి, ‘సారూ, ఈ సాయబు మావూరి బండ్లనే నడుపుతడు, మంచోడు’ అని చెప్పాక వదిలారు. ఫ్లయిటు అందింది. ఆ మాట చెప్పేవాళ్లు వెనక సీట్లో లేని రాత్రి సంగతేమిటని అబ్బా చాలా రోజులు ఆలోచించాడు.

అది భయమనిపిస్తే 2007 గుర్తుచేసుకోండి. ఆ ఏడాది మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. మళ్లీ మా పిల్లల్నే పట్టుకుపోయారు. ఎందరో కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల్లో ఆటోనగర్‌లో పాత బండ్ల పనిచేసేవాళ్లకి నిద్ర లేదు. ఎప్పుడో అమ్మిన బండి పేరు మారకుండా ఎవరి చేతుల్లో తిరుగుతోందో! ‘ఓపెన్ సంతకం’ మీద బండ్లు నాలుగు చేతులు మారడం ఈ వ్యాపారంలో మామూలే. కొన్నవాడు ఖర్చు మిగిలిందనుకుంటాడు. కానీ చట్టం దృష్టిలో ఓనరంటే ఆర్సీలో పేరున్నవాడే. అమ్మేసినా సరే, పేరు మారకముందు ప్రమాదం జరిగితే పరిహారం ఆ పేరున్నవాడి మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అందరికీ అది పైసల సంగతి. మాకు అంతకన్నా పెద్ద సంగతి.

ఫైనాన్సు తీరగానే రెడ్డన్న తనే ముందు నడిచాడు. ఫైనాన్సువాళ్ల దగ్గర ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చాడు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకున్నాం. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లోపే మార్పించాం. కార్డు చేతికొచ్చిన రోజు అబ్బా కళ్లజోడు పెట్టుకుని చదివాడు. షేక్‌కి ఒక అక్షరం తక్కువ పడింది. అయినా అదే చాలన్నాడు. ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేసిన మనిషి పేరు మొదటిసారి ఒక బండి మీద పడింది.

పేరు మారిన రోజే ముందు అద్దం మీద 786 స్టిక్కర్ అతికించాం. అదీ ఒక కథే. మా షెడ్లకి దేవుళ్ల బొమ్మలున్న బండ్లు వస్తాయి. దసరాకి వాటికి కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, చాచా చేతికి కూడా కొబ్బరి ముక్క ఇచ్చి పోతారు. ఆయన కళ్లకద్దుకుని తీసుకుంటాడు. ఆ బొమ్మలు బండి ధర తగ్గించవు. మావాళ్ల బండి అమ్మకానికి వస్తే మాత్రం చాచా ముందు చేసే పని వేరే ఉంది. సబ్బునీళ్లు పోసి, బ్లేడు పట్టుకుని అద్దం మీది మాషాఅల్లా స్టిక్కర్ గీకుతాడు. ‘గిది ఉంటె ఐదు వేలు తక్కువడుగుతరు’ అంటాడు. పైది పోతుంది. జిగురు మరక మాత్రం ఎండలో నిలబెడితే కనబడుతూనే ఉంటుంది. మా సుమోని 2014లో అమ్మినప్పుడు కూడా అట్లాగే గీకాం. పదకొండేళ్లలో మా నలుగురి చదువులు, ఒక పెళ్లి ఆ బండే చేసింది.

2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ లే ఆఫ్ ప్రకటించి మూతేశారు. దాని సైరన్ విని లేచే ఊరు నిశ్శబ్దమైంది. మా చెల్లె అప్పటికి బీఈడీ చదువుతోంది. తర్వాత మైనారిటీ గురుకులంలో టీచరైంది. బోధన్ నుంచి నిజామాబాద్ రోజూ రాకపోకలు. 2024లో తనకొక చిన్న కారు కావాలంది. మూడు లక్షల్లోపు, పెట్రోలుది. మళ్లీ చాచా, మళ్లీ ఫజర్ తర్వాత ప్రయాణాలు.

కాలం మారింది కాబట్టి చూడాల్సినవీ పెరిగాయి. సాలూర దాటితే మహారాష్ట్రే. నాందేడ్ బండి చౌకగా కనబడుతుంది. కానీ అక్కణ్నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. అది కలిపాకే చౌకో కాదో తెలుస్తుంది. పదేళ్లు నిండిన డీజిలు బండ్ల మీద ఢిల్లీలో ఆంక్షలొచ్చాక అక్కడివి దక్షిణానికి దిగుతున్నాయి. వాటికీ ఇదే లెక్క. 2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో మునిగినవి కడిగి తుడిచి జిల్లాలకి పంపారేమోనని చాచా ఇప్పటికీ ప్రతి బండికీ బెల్టు లాగి చూస్తాడు. కారు ఆర్సీ పదిహేనేళ్లకే. తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. ఆరువందలున్న ఆ ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు చేశారు. పాత బండి నడిపేది ఎవరో తెలిసే చేశారా? పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా బండ్లు దానికోసం చేసినవి కావు. మైలేజీ కొంత తగ్గుతుంది, పాతవాటి రబ్బరు పైపుల మీద కన్నేసి ఉంచాలి. ఆ ఇథనాల్‌లో చెరకుదీ వాటా ఉంది. చెరకు ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్లో చెరకు ఇట్లా మా బండ్ల ట్యాంకుల్లోకి తిరిగొచ్చింది.

ఒక బండి చెల్లెకి బాగా నచ్చింది. 2014 వ్యాగనార్. ఫోన్‌లోనే రేటు కుదిరింది. అడ్వాన్సు పంపుతాం, పేరు రాసుకోండి అని చెల్లె తన పేరు చెప్పింది. అవతల కొంచెంసేపు మాట లేదు. ‘ఇంట్ల అమ్మొద్దంటున్నరు’ అని పెట్టేశాడు. ఇంట్లో వాళ్లు ఆ అరనిమిషంలో ఎప్పుడు అన్నారో! పది రోజులకి అదే బండి, అదే నంబరు, చాచా షెడ్డు ముందర ఆగింది. కొనబోయేవాడు చూపించడానికి తెచ్చాడు. అమ్మేవాడూ పక్కనే ఉన్నాడు. చాచాకి అన్నీ తెలుసు. మూత తీశాడు, కిందికి దూరాడు, ఒక రౌండ్ తిప్పాడు. ‘బండి మంచిగుంది. భయం లేకుండ తీస్కో’ అన్నాడు.

మాకు కడుపు మండింది. క్లచ్ పోయిందని ఒక్క మాట అంటే అయిపోయేది కదా అన్నాం. చాచా చేతులు తుడుచుకుంటూ, ‘ఇంజనేం తప్పు చేసింది బేటా? నా మాట మీద ఆ పిలగాడు పైసలు పెడుతుండు’ అన్నాడు. ఆయన ఓర్పుని మేం గొప్ప చేయట్లేదు. అంత ఓర్పు ఆయనకెందుకు అవసరమైందో అది అడుగుతున్నాం.

చెల్లెకి ఆర్మూర్‌లో ఇంకో బండి దొరికింది. రిటైరైన సారు ఒకాయన. సర్వీసు బిల్లులన్నీ ఫైలు చేసి ఉంచాడు. పేరు విన్నాడు, ‘ఏ స్కూలమ్మా?’ అని మాత్రం అడిగాడు. పేరు మారేదాకా వెంట తిరిగాడు. అట్లాంటివాళ్లు ఉన్నారు కాబట్టే ఈ జిల్లాలో మేం ఇంకా ఊపిరి తీసుకుంటున్నాం. చెల్లె తన బండి అద్దం మీద చిన్నగా మాషాఅల్లా అని అతికించుకుంది. అమ్మేటప్పుడు రేటు తగ్గుతుందని చాచా గుర్తుచేశాడు. ‘తగ్గితె తగ్గనీ, నేను గీకను’ అంది.

మీరు పాత బండి కొనాలనుకుంటే మా షెడ్లకి రండి. మేం పొద్దున్నే వస్తాం, సంచి పరుచుకుని కిందికి దూరి చూస్తాం, ఉన్నది ఉన్నట్టు చెబుతాం. మా దగ్గర బండి కొనేటప్పుడు అద్దం మీది అక్షరాలకి అయిదు వేలు తగ్గించకండి. మేం కొనడానికొస్తే రేటు చెప్పండి, బేరమాడతాం, కుదరకపోతే పోతాం. పేరు విన్నాక మాత్రం ఫోన్ పెట్టేయకండి.